విడగొట్టిన మాంసం, కలిపే చేయి

మాంసాన్ని కైమా కొట్టించడమంటే దానికున్న ఆకారాన్ని చెరిపేయడం. తొడ ముక్కకైనా పక్కటెముక ముక్కకైనా ఒక అల్లిక ఉంటుంది. పోగులు ఒక దిక్కుగా సాగుతాయి, వాటి మధ్య పొరలు, పొరల మధ్య కొవ్వు. వండేవాళ్లు ఆ అల్లికను చెడగొట్టకుండా ఉడికిస్తే చాలు, సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. కైమాలో ఆ సాయం ఉండదు. కత్తి అన్నిటినీ తెంపేశాక ఎదుట మిగిలేది తడిగా, మెత్తగా ఉన్న ఒక కుప్ప. దాన్ని మళ్లీ ఒక పదార్థంగా నిలబెట్టాల్సింది వండే మనిషే. అందుకే ఒక వంటింటి పనితనం తెలుసుకోవాలంటే నేను ముక్కల కూర కంటే ముందు కైమా చూస్తాను. మిగిలిపోయిన తునకలతో చేసే చవక వంట అని దాన్ని పక్కన పెట్టేవాళ్లు చాలా పోగొట్టుకుంటున్నారని నా నమ్మకం.

గొడ్డుమాంసంలో ఈ పని మరీ కష్టం. పోగులు లావు, వాటిని చుట్టిన పొరలు గట్టి, కొవ్వు కాస్త చల్లబడితే చాలు గడ్డకట్టి అంగిలికి అంటుకుంటుంది. మన దగ్గర పెద్దకూర అనే ఈ మాంసం ముస్లింల, దళితుల, క్రైస్తవుల ఇళ్లలో ఎన్నో తరాలుగా వండుతున్నదే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆవును కోయడాన్ని చట్టం ఒప్పుకోదు కాబట్టి, హైదరాబాద్ పాతబస్తీ అంగట్లో ‘బడే కా’ అని అడిగితే కొట్టిచ్చేది ఎక్కువగా గేదె, దున్న మాంసమే. ఇది తినని ఇళ్లలో కూడా ఇక్కడ చెప్పబోయే మెళకువలు చాలావరకు వేటమాంసం కైమాకు పనికొస్తాయి.

కైమాలో మొదట చూడవలసింది మసాలా కాదు, ఉప్పు. ఎంత వేశారన్నది తర్వాతి మాట, ఎప్పుడు వేశారన్నది ముందు. కండలో మయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఉప్పు తగలగానే అది కరిగి పోగుల్లోంచి బయటికొస్తుంది, పిసికేకొద్దీ జిగురవుతుంది. వేడి తగిలినప్పుడు ఆ జిగురు వలగా గట్టిపడి నీటినీ కొవ్వునూ లోపలే పట్టుకుంటుంది. పచ్చి కైమాలో ఉప్పు ముందే వేసి బాగా పిసికితే పంటికింద సాగే బిగువు వస్తుంది. పిసకకుండా వదిలేసి, పెనం మీద వేసేముందు పైన చల్లితే నోట్లో పొడిపొడిగా విడిపోతుంది. రెండూ మంచివే, ఏది కావాలో ముందే తెలిసి ఉండాలి. అమెరికాలో హాంబర్గర్ బాగా చేసేవాళ్లు రెండో దారి పడతారు. నూటికి ఇరవై పాళ్లు కొవ్వున్న మాంసం తీసుకుని, వేళ్లతో దగ్గరికి చేర్చి వదిలేస్తారే తప్ప నొక్కరు, ఉప్పు చివరికి గానీ ముట్టుకోరు. ఉప్పు ముందే కలిపి పిసికిన బర్గర్ కొరికితే సాసేజ్ తిన్నట్టుంటుంది, దోషం అక్కడే తెలిసిపోతుంది.

మొదటి దారిని చివరిదాకా నడిచినవాళ్లు దక్షిణ చైనాలోని చావోషాన్ ప్రాంతంవాళ్లు. షాంటౌ నగరం చుట్టుపక్కల ఊళ్లలో గొడ్డుమాంసం ఉండలు చేసే పద్ధతిలో కత్తి పాత్ర దాదాపు లేదు. వెనక తొడ కండ తీసుకుని పొరలు, నరాలు ఒలిచేస్తారు. దాన్ని మందపాటి చెక్క మొద్దు మీద పెట్టి రెండు చేతుల్లో రెండు ఇనుప కడ్డీలతో కొడతారు. ఒక్కో కడ్డీ దాదాపు కిలోన్నర బరువు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, అరగంట దగ్గరదగ్గర ఆగకుండా. చూసేవాళ్లకు ఇది కండబలం ప్రదర్శనలా కనిపించవచ్చు గానీ అందులో లోతైన ఆలోచన ఉంది. కత్తి పోగును అడ్డంగా తెంపుతుంది, కడ్డీ పోగును చితకగొడుతుంది. చితికిన పోగులు పొడవుగానే ఉండి, విచ్చుకుని, ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. పైగా మిషను బ్లేడు తిరిగేటప్పుడు పుట్టే రాపిడి వేడి ఇక్కడ తక్కువ. ముద్ద వేడెక్కితే కొవ్వు కరిగి జిగురు విరిగిపోతుంది. అందుకే మిషన్లతో చేసేవాళ్లు మంచు ముక్కలు వేసి రుబ్బుకోవాల్సి వస్తుంది.

మాంసం ఎంపికలో వాళ్ల పట్టుదల నన్ను ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. కోసి కొన్ని గంటలే అయిన మాంసం కావాలంటారు, నిల్వ పెట్టినది ముట్టరు. రుచి కోసమే కాదు, దానికి వేరే కారణం కూడా ఉంది. జంతువు చనిపోయిన కొంతసేపటికి కండరాలు బిగుసుకుపోతాయి. ఆ బిగుపు రాకముందు మయోసిన్ సులువుగా కరుగుతుంది, కండ నీటిని బాగా పట్టుకుంటుంది. ఈ సంగతి ప్రయోగశాలలు చెప్పడానికి ముందే ఆ ఊళ్లవాళ్ల చేతులకు తెలుసు. ఉప్పు వేసి కొట్టిన ముద్దను గిన్నెలోకి తీసి, గుప్పిట నిండా పట్టి గిన్నె అంచుకేసి పదేపదే విసిరికొడతారు. గారెల పిండిని చేత్తో గిలకొట్టేవాళ్లకు ఈ పని కొత్త కాదు, పిండి తేలికపడిందో లేదో చేతికే తెలుస్తుంది. తర్వాత ముద్దను గుప్పిట్లో పిండితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ఒక ఉండ పైకొస్తుంది. దాన్ని చెంచాతో గీకి గోరువెచ్చని నీళ్లలోకి జారవిడుస్తారు. మరిగే నీళ్లలో వేస్తే పైపొర ముందు గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. నీటి వేడి మెల్లగా పెంచాలి, ఉండలు ఒక్కొక్కటిగా పైకి తేలాలి.

నునుపుగా ఉండేవి ఒక రకం, మధ్యమధ్య నరం ముక్కలు తగిలేవి ఇంకో రకం. పులుసులో వేసుకుని, షాచా అనే వేరుశనగ, ఎండురొయ్యల చట్నీ అద్దుకుని తింటారు. కొరికితే చిన్న చప్పుడుతో తెగి రసం చిమ్మాలి. 1996లో హాంకాంగ్‌లో వచ్చిన స్టీఫెన్ చౌ సినిమా ‘గాడ్ ఆఫ్ కుకరీ’లో ఈ ఉండలతో పింగ్‌పాంగ్ ఆడతారు. అది సినిమా అతిశయమే, కానీ వాటికున్న బిగువు గురించి అక్కడ జనం ఎలా మాట్లాడుకుంటారో దాన్నిబట్టి తెలుస్తుంది. వియత్నాం ఫో గిన్నెలో తేలే మాంసం ఉండలు, ఇండోనేషియా బక్సో కూడా చైనా నుంచి వలసపోయినవాళ్ల చేతి విద్యనుంచి పుట్టినవే.

జపాన్‌వాళ్ల ‘హంబాగు’ ఈ రెండు దారులకూ నడిమధ్యన ఉంటుంది. పడమటి దేశాల వంటలను తమ అన్నంలోకి మార్చుకున్న తరంలో అక్కడ స్థిరపడిన వంట ఇది. గొడ్డుమాంసం, పందిమాంసం కలిపిన కైమాలో మొదట ఉప్పు ఒక్కటే వేసి తెల్లటి జిగురు వచ్చేదాకా పిసుకుతారు. ఆ తర్వాతే వేగిన ఉల్లిపాయ, పాలలో నానిన రొట్టెపొడి, గుడ్డు కలుపుతారు. వరుస తారుమారైతే జిగురు రాదు. ముద్దను ఒక అరచేతి నుంచి ఇంకో అరచేతిలోకి ఎగరేసి కొట్టి లోపలి గాలి తీసేస్తారు. గాలి ఉంటే పెనం మీద పగిలి రసమంతా కారిపోతుంది. ఆఖర్న మధ్యలో వేలితో ఒక గుంట నొక్కుతారు. వేడికి అంచులు ముందు బిగుసుకుని మధ్య భాగం ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బును ముందే లెక్కకట్టి పెట్టిన గుంట అది. ఇంత చిన్న పనిలో ఇంత ముందుచూపు ఉండటం నాకెంతో ఇష్టం.

ఇప్పుడు పెషావర్‌కు వద్దాం. పష్తూన్‌ల చప్లీ కబాబ్ గురించి రాయకుండా కైమా గురించి రాయడం నాకు చేతకాదు. అరచేయంత వెడల్పు, సన్నని మందం, చిరుగుల అంచు. దీని అందమంతా దాని గరుకులో ఉంది. గొడ్డుమాంసాన్ని ముతకగా కొట్టి, అందులో కొవ్వు ధారాళంగా కలుపుతారు. ధనియాలను పొడి చేయరు, రెండు మూడు ముక్కలయ్యేలా నలుపుతారంతే. ఎండబెట్టిన దానిమ్మ గింజలు, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, టమాటా ముక్కలు, మొక్కజొన్న పిండి పడతాయి. కొందరు మూలుగ కూడా వేస్తారు, కొందరు గుడ్డును ముందే పొరటు చేసి కలుపుతారు. తినేటప్పుడు ఒక కొరుకులో ధనియం పలుకు నలుగుతుంది, పక్క కొరుకులో దానిమ్మ పులుపు తగులుతుంది, ఆ పక్కన టమాటా మెత్తన. అన్నీ కలిసి ఒకే రుచి అయిపోకుండా చూసుకోవడమే అందులోని నేర్పు.

చప్లీకి ఉన్న చిక్కు నీళ్లు. టమాటా, ఉల్లిపాయ రెండూ ఉప్పు తగిలితే నీరు వదులుతాయి. నీరు ఎక్కువైతే కబాబ్ నూనెలో పడగానే చెదిరిపోతుంది. ఆ నీటిని పీల్చడానికే మొక్కజొన్న పిండి. అది మితిమీరితే మాంసం తిన్నట్టుండదు, పిండివంట తిన్నట్టుంటుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు రోజంతటికీ సరిపడా ఒకేసారి కలిపిపెట్టుకోరు, కాల్చబోయేముందు కావలసినంతే కలుపుతారు. తడి చేతిలో ముద్ద తీసుకుని, రెండు తట్లు తట్టి, వెడల్పాటి ఇనుప మూకుడులో కరిగిన గొడ్డు కొవ్వులోకి వంచిన చేయి మీదుగా జారవిడుస్తారు. మీద ఒక టమాటా చక్రం అద్దుతారు. అడుగు బాగా ఎర్రబడి గట్టిపడేదాకా తిప్పరు, ఎందుకంటే అప్పటిదాకా దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. కాలిన పైపొరే ఆ కబాబ్‌కు ఎముక. వేడివేడి నాన్‌లో చుట్టుకుని, కొవ్వు గడ్డకట్టేలోగా తినేయాలి. చప్లీని చల్లారబెట్టి తినడం దాన్ని చేసినవాళ్లకు అన్యాయం.

హైదరాబాద్ శికంపూర్ దీనికి పూర్తిగా ఎదురు దారి. షామీ కబాబ్ వంశంలోది. ఇక్కడ కైమాను పచ్చిగా పిసకరు. శనగపప్పు, అల్లం వెల్లుల్లి, ఎండుమిర్చి, గరం మసాలా దినుసులతో కలిపి నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా ఉడికించి, ఆపైన నూరతారు. ఒకసారి ఉడికిన మాంసంలో మయోసిన్ ముందే గట్టిపడిపోయి ఉంటుంది, ఎంత పిసికినా అది మళ్లీ జిగురు కాదు. కలిపి ఉంచే పని పూర్తిగా శనగపప్పు మీద పడుతుంది. పప్పు ఎంత వేయాలి, ఎంత పొడిగా ఇగరబెట్టాలి అన్నదాంట్లోనే శికంపూర్ బతుకు ఉంది. పప్పు తక్కువైతే నూనెలో విచ్చిపోతుంది, ఎక్కువైతే పప్పు వడ అవుతుంది. సరిగ్గా కుదిరిన ముద్ద వేళ్లకు అంటుకోదు, వెన్నలా మెత్తగా ఒత్తుకుంటుంది. దాన్ని గిన్నెలా ఒత్తి, వడగట్టిన గట్టి పెరుగులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పుదీనా, పచ్చిమిర్చి కలిపి ఆ పొట్టలో పెట్టి మూసి, పెనం మీద తక్కువ నూనెతో కాలుస్తారు. వేడి మాంసంలోంచి చల్లటి పులుపు నాలుకకు తగలాలి. పెరుగులో నీరు మిగిలితే లోపలినుంచే కబాబ్ పగులుతుంది. అందుకే శికంపూర్ చేసే ఇంట్లో పని పెరుగు వడగట్టడంతోనే మొదలవుతుంది. ఇది వేటమాంసంతోనూ చేస్తారు, పెద్దకూరతోనూ చేస్తారు. పెద్ద మాంసంతో చేసినదానికే నా ఓటు, మసాలాకు దీటుగా నిలబడే రుచి దానికుంది. మన కైమా ఉండల్లో పుట్నాల పొడి చేసేది కూడా ఇలాంటి సాయమే, కాకపోతే అక్కడ మాంసం పచ్చిది కాబట్టి పొడికి భారం సగమే.

ఇప్పటిదాకా చెప్పిన వంటలన్నీ కైమాకు ఒక ఆకారం ఇచ్చాయి. ఇథియోపియాలో గురాగే జాతివాళ్ల కిట్‌ఫో ఆకారమే వద్దంటుంది. మాంసాన్ని నిప్పు మీద పెట్టడం కూడా వద్దంటుంది. పొరలు, నరాలు, కొవ్వు చుక్కైనా లేకుండా ఒలిచిన కండను పదునైన కత్తితో చెక్క మీద సన్నగా తరుగుతారు. తరగడం అంటున్నాను, రుబ్బడం కాదు. మిషనులో వేస్తే మాంసం నలిగి పేస్టు అయిపోతుంది, తరిగితే ప్రతి పలుకూ విడిగా ఉంటుంది. అందులోకి ‘నితర్ కిబ్బే’ అనే నెయ్యి. వెన్నను కాచేటప్పుడే కొసెరెత్ ఆకు, కొరరిమా అనే అక్కడి యాలకులు, మెంతులు, పసుపు వంటివి వేసి వడగట్టిన నెయ్యి అది. కొవ్వంతా ఒలిచేయడానికి కారణం ఇదే. గొడ్డు కొవ్వు పచ్చిగా నోట్లో కరగదు, నెయ్యి కరుగుతుంది. తీసేసిన కొవ్వు చోట్లోకి పరిమళమున్న కొవ్వు వచ్చి కూర్చుంటుంది. నెయ్యి గోరువెచ్చగానే ఉండాలి, మాంసం రంగు మారనంతగా. చివర మిట్‌మిటా అనే కారం. పూర్తిగా పచ్చిగా వద్దనేవాళ్లకు పొయ్యి మీద అలా చూపించి తీసిన ‘లెబ్‌లెబ్’ ఉంటుంది.

కిట్‌ఫో ఒంటరిగా రాదు. ఉప్పులేని ‘అయిబ్’ అనే తాజా పన్నీరు కారాన్ని చల్లార్చడానికి, ఉడికించిన ‘గొమెన్’ ఆకుకూర జిడ్డును కోయడానికి, ‘కొచో’ అనే రొట్టె చేతికి పట్టుకోవడానికి. అరటిచెట్టులా కనిపించే ఎన్‌సెట్ మొక్క కాండం, దుంప గీరి, గోతుల్లో పులియబెట్టి చేసేదే కొచో. సెప్టెంబరు చివర్లో వచ్చే మెస్కెల్ పండుగకు గురాగే ఇళ్లలో కిట్‌ఫో తప్పదు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు దాదాపు ప్రతి బుధ, శుక్రవారాలు, ఇంకా పెద్ద ఉపవాస కాలాలు మాంసం, పాలు, నెయ్యి ముట్టరు. అంత నిష్ఠ తర్వాత వచ్చే మాంసానికి, నెయ్యికి దక్కే గౌరవం ఆ గిన్నెలో కనిపిస్తుంది.

పచ్చి కైమా విషయంలో జాగ్రత్త కూడా అదే శ్రద్ధతో చెప్పాలి. ముక్క మాంసంలో క్రిములు చాలావరకు పైపైనే ఉంటాయి, పెనం వేడికి పోతాయి. కైమా కొట్టినప్పుడు పైది లోపలికి, లోపలిది పైకి కలిసిపోతుంది. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల ఇ.కోలై సోకి 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కైమా లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ చేరాలని అక్కడి వ్యవసాయశాఖ చెబుతుంది. కిట్‌ఫో సంప్రదాయం నిలబడింది అప్పుడే కోసిన మాంసం మీద, ఎదుటే తరిగే చేయి మీద. ఆ రెండూ లేనిచోట ఇంట్లో దాన్ని అనుకరించకూడదు.

దక్షిణాఫ్రికా కైమా వంట బొబోటీలో మనకు దూరపు చుట్టరికం ఉంది. 1652లో అక్కడి కేప్ తీరంలో దిగిన డచ్ ఈస్టిండియా కంపెనీ ఇండోనేషియా దీవులనుంచి, బెంగాల్ నుంచి, మన కోరమాండల్ తీరంనుంచి మనుషులను బానిసలుగా పట్టుకుపోయింది. మచిలీపట్నం, భీమునిపట్నంలో ఈనాటికీ డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి. బొబోటీకి పుట్టిల్లయిన కేప్ మలయ్ వంట అలా తరలించిన అనేక ప్రాంతాల మనుషుల చేతుల్లో పుట్టింది. పసుపు, మసాలా, ఉల్లిపాయ వేసి వేయించిన కైమాలో పాలలో నానిన రొట్టె, ఎండుద్రాక్ష, కాస్త పులుపు కలిపి, పైన గుడ్డు పాలు గిలకొట్టి పోసి, నిమ్మ ఆకులు గానీ బే ఆకులు గానీ గుచ్చి పొయ్యిలో కాలుస్తారు. అందులో రొట్టె చేసే పని గమనించాలి. పాలు పీల్చిన రొట్టె కైమా పలుకుల మధ్య చేరి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది, అందుకే బొబోటీ చెంచాకు మెత్తగా తెగుతుంది. పసుపన్నంతో తింటారు. తీపి, పులుపు, కారం అన్నీ ఒకే ముద్దలో రావడం మొదట వింతగా ఉన్నా, చింతపండు బెల్లం పులుసు తెలిసిన నాలుక త్వరగానే ఒప్పుకుంటుంది.

ఇక బొలోన్యా. ఇటలీలోని ఈ నగరం తన రగూ మీద ఎంత పట్టింపు చూపిందంటే, ఇటాలియన్ వంటల అకాడమీ 1982 అక్టోబరు 17న దాని తయారీ విధానాన్ని ఆ నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించింది. 300 గ్రాముల గొడ్డుమాంసం, 150 గ్రాముల పాన్‌చెట్టా అనే ఉప్పులో ఊరిన పంది పొట్ట మాంసం, క్యారట్, సెలరీ, ఉల్లిపాయ 50 గ్రాముల చొప్పున. టమాటా ఐదారు చెంచాలు మించదు. ఒక గ్లాసు పాలు. ఎర్రటి టమాటా గుజ్జులో కైమా తేలే సాస్‌ను బొలొనేస్ అని తింటున్నవాళ్లకు ఈ లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇది మాంసం వంట, టమాటా అందులో ఒక తోడు మాత్రమే. 2023లో ఆ పత్రాన్ని సవరించినప్పుడు మాంసం 400 గ్రాములకు, టమాటా గుజ్జు 200 గ్రాములకు పెరిగాయి, పాలు ఇష్టమైతేనే అన్నారు. వెల్లుల్లి, పార్స్లీ, చిక్కబరచడానికి పిండి మాత్రం కూడదన్నారు.

పిండి ఎందుకు కూడదో 1982 పత్రం ఎంచిన మాంసాన్ని చూస్తే తెలుస్తుంది. అది జంతువు ఊపిరి కండ, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం. బతికినంతకాలం క్షణం ఆగకుండా పనిచేసిన కండ కాబట్టి పొరలు ఎక్కువ, రుచి ఎక్కువ, గట్టితనమూ ఎక్కువ. గంటలకొద్దీ సన్నని సెగ మీద ఆ పొరల్లోని కొల్లాజెన్ జిలాటిన్‌గా కరుగుతుంది. రగూకు చిక్కదనం ఇచ్చేది అదే, బయటి పిండి అవసరం లేదు. పాన్‌చెట్టా కరిగిన కొవ్వులో కూరగాయల తురుము మగ్గాక కైమా పడుతుంది. అది నీరు వదిలి, ఆ నీరు ఇగిరి, చిటపటమనేదాకా ఓపిక పట్టాలి. ఇక్కడ పలుకులు అతుక్కోకూడదు, గరిటెతో విడదీస్తూనే ఉండాలి, అందుకే ఉప్పుకు తొందర లేదు. వైన్ పోసి అది ఆవిరయ్యాక టమాటా, ఆపైన రెండు మూడు గంటల సన్నని సెగ, మధ్యమధ్య కాసిని పాలు. అంచుల్లో కొవ్వు విడిపడి తేలినప్పుడు దించుతారు. మన వంటిళ్లలో కూర అయిందని చెప్పే గుర్తూ అదే.

ఆ రగూను బొలోన్యాలో స్పగెట్టి మీద వేయరు. గుండ్రటి, నున్నటి పోగుల మీద కైమా నిలవదు, జారి పళ్లెం అడుగుకు చేరుతుంది. గుడ్డుతో కలిపి చేత్తో పలచగా ఒత్తి కోసిన తాలియతెల్లె గరుకుగా, పట్టీగా ఉంటుంది. దాని కొలతను కూడా 1972లో అదే వాణిజ్య మండలిలో నమోదు చేశారు. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లు, అంటే ఆ నగరంలోని అసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతు. దానికి బంగారు నమూనా ఒకటి చేసి గాజుపెట్టెలో ఉంచారు. పాస్తాను నీళ్లలోంచి నేరుగా రగూ గిన్నెలోకి తీసి పొయ్యి మీదే కలుపుతారు. పట్టీ పట్టీకీ కైమా పలుకులు అంటుకుని, ఫోర్కుకు చుట్టినప్పుడు మాంసం, పాస్తా కలిసి ఒకే ముద్దగా నోటికి చేరేలా.